మడిలో దిగేముందు

తెల్లవారుజామున సామర్లకోట దాటి గోదావరి కాలువ గట్టు మీద నడుస్తున్నారు మీరు. వెనక జంక్షన్‌లో గూడ్సు బండి కూత. ముందు టార్చిలైటు పట్టుకుని ఒక పెద్దాయన, ఆయన మేనల్లుడు. సార్వా వరి పొట్ట మీదుంది, ఎలుకలు దుబ్బులు కొరికేసే సమయం. వాటి కోసం నిన్న పొద్దుగూకేవేళ పెట్టిన ఉచ్చు బుట్టలు ఇప్పుడు తీయాలి.

పెద్దాయనకి షుగరూ ఉంది, బీపీ ఉంది.

"మాత్రేసుకున్నావా మామా?"

"ఏసుకున్నాన్రా."

"మరి తిన్నావా?"

"బుట్టలు తీశాక తింటాలే."

మేనల్లుడు ఇక అడుగు వెయ్యడు. సంచిలోంచి ఇడ్లీ పొట్లం తీసి మామని గట్టు మీద కూచోబెడతాడు. ఇన్సులిన్ గానీ కొన్ని రకాల షుగరు మాత్రలు గానీ వేసుకుని ఖాళీ కడుపుతో బురదలో తిరిగితే చక్కెర అమాంతం పడిపోతుంది. చేతులు వణుకుతాయి, చల్లటి చెమట పడుతుంది, మాట తడబడుతుంది. అందుకే కుర్రాడి జేబులో పంచదార ఉంటుంది: మూడు చెంచాలు తినిపించి, పావుగంట చూసి, తేరుకోకపోతే మళ్లీ ఇస్తాడు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు, 108కి ఫోన్ చెయ్యాలి.

మళ్లీ నడక. గట్టుకి తాటిస్తూ కర్ర ముందు పోతుంది. ఎలుకలున్న చోటికి పాములొస్తాయి. కన్నంలో చెయ్యి పెట్టొద్దని మీకూ చెబుతారు. కట్లపాము కాటు వేసినా నొప్పి తెలియకపోవచ్చు. కాటు పడితే గట్టిగా కట్టడం, కొయ్యడం, మంత్రం పెట్టించడం ఏవీ వద్దు. కాలు కదపకుండా, ఉన్నపళంగా పెద్దాసుపత్రికి. కాకినాడ దగ్గరే.

తూర్పు తెల్లబడేసరికి మొదటి బుట్ట దొరుకుతుంది. ఉచ్చు బిగిసి ఉంది. కుర్రాడు రబ్బరు గ్లౌజులతో ఎలుకని తీసి వేరే సంచిలో వేస్తాడు. మామ రెండో బుట్ట కోసం మడిలోకి కాలు పెట్టబోతాడు. బూట్లు లేవు. చిత్తడి మడిలో బూటు దిగబడితే కాలే వస్తుంది, బూటు రాదు. బూట్లేసుకోమని ఊరికే సలహా చెప్పేవాళ్లు ఈ మడిలో నాలుగడుగులు నడిచి చూడాలి.

కానీ ఆ మడి నీళ్లలోనే ఉంది అసలు ప్రమాదం. ఎలుక మూత్రంతో బయటికొచ్చే లెప్టోస్పైరా క్రిములు తడి నేలలో, నిలవ నీటిలో వారాల తరబడి బతుకుతాయి. చిన్న గీత చాలు, నానిన చర్మం చాలు, లోపలికెళతాయి. జ్వరం, తలనొప్పి, పిక్కల్లో విపరీతమైన నొప్పి, ఎర్రబడ్డ కళ్లు. ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిన మనిషికి ముల్లు గుచ్చుకున్న సంగతే తెలియదు. పుండు తొందరగా మానదు కూడా. ఈ పనిలో ఉన్నవాళ్లకి డాక్టర్లు వారానికోసారి డాక్సీసైక్లిన్ రాయొచ్చు. రాసిస్తేనే వాడాలి.

"ఆగు మామా, కాళ్లు చూడనీ." కుర్రాడు టార్చి వేసి మడమ, అరికాలు, వేళ్ల సందులు వెతుకుతాడు. చిటికెన వేలి పక్కన కోసుకుపోయిన చర్మం, తడి.

"ఎప్పుడైంది?"

"తెలీదురా."

సీసాలో నీళ్లతో, సబ్బుతో కడిగి తుడిచి, నీళ్లు చొరని పట్టీ వేస్తాడు. "ఈ పూట నువ్వు మడిలో దిగొద్దు. మధ్యాహ్నం డాక్టరు దగ్గరికెళదాం. జ్వరమొచ్చినా రాకపోయినా ఎలుకలు పట్టే పనని ముందే చెప్పు, వాళ్లు ఆ దిక్కున చూస్తారు."

"రైతుకేం చెబుతావు? ఇద్దరం ఒప్పుకున్నాం గదా."

"ఇద్దరమే ఉన్నాం. నువ్వు గట్టు మీద బుట్టలు లెక్కపెట్టి కొత్త ఎర సర్దు. నేను దిగుతాను. కూలి సమానం."

పెద్దాయన కాసేపు గొణిగి, సంచిలోంచి ఎర బియ్యం తీస్తాడు. కుర్రాడు పంచె ఎగ్గట్టి మడిలోకి దిగుతాడు. మీకు కర్ర అప్పగిస్తారు, గట్టు మీద ముందు నడవమని.