దాల్మా కొండపై సెంద్ర

జంషెడ్‌పూరులోని టెల్కో కాలనీకి చేరువనున్న దాల్మా కొండలలో సంతాలులు, హోలు, ముండాలు తరతరములుగా వేసవియందు సామూహికముగ వేటాడెడివారు. ఆ వేటకు సెంద్ర యని పేరు. విండ్లు, బల్లెములు, కుక్కలు వెంటనున్నను తరచు చిక్కునవి కుందేళ్లు, అడవికోళ్లు, ఉడుతలు. ఉడుత వీపున రాముని వ్రేళ్లజాడ చూచు తెలుగువారికి ఇది వింతగా తోచవచ్చును. కాని సంతాలులకు సెంద్ర కేవలము మాంసము కొరకు కాదు. దిహిరి యను వేటపూజారి సమక్షమున రాత్రి సభ తీరెడిది. గ్రామపెద్ద తీర్పు రుచింపనివాడు అచ్చట మొర పెట్టుకొనెడివాడు. వేటమాంసము కాలిన నిప్పుచెంతనే వారి ఉన్నతన్యాయస్థానము నడచినదన్నమాట!

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, పిదప దాల్మా అభయారణ్యమగుట వేటను నేరము చేసినవి. జంతువులకు రక్షణ కలుగుట మంచిదే. అయితే ఆ సభ కూడుటకు హేతువే నేరమైపోయినది. నేటికిని కొందరు వేసవిలో కొండనెక్కుచున్నారు. అటవీశాఖవారు దారులలో కాపుండి ఉచ్చులను, వలలను పట్టుకొనుచున్నారు.