ప్రయాణ సన్నాహాలు: కాగితాల వెనుక చరిత్ర

ప్రవాస జీవితం మీద మన సాహిత్యంలో కథలూ నవలలూ చాలానే వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం విమానం దిగిన తర్వాతనే మొదలవుతాయి. ఒంటరితనం, ఇంటి బెంగ, పిల్లల భాష వాటి వస్తువులు. కాని మనిషి ఊరు విడవకముందే అతని ప్రవాసం సగం నిర్ణయమైపోతుంది. ఎవరి అప్పుతో, ఏ కాగితంతో, ఏ ఒప్పందానికి లోబడి బయలుదేరాడన్న దాని మీదనే అతని అక్కడి బతుకు ఆధారపడుతుంది. అందుచేత ప్రయాణ సన్నాహాన్ని ఒక చారిత్రక విషయంగా పరిశీలించవలసి ఉంది.

ఈ పరిశీలనకు సోమాజిగూడ అనువైన చోటు. ఒకవైపు బేగంపేట, మరోవైపు పంజాగుట్ట దాటితే అమీర్‌పేట. బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో 2008లో అమెరికా కాన్సులేటు తెరిచారు. 2023లో అది నానక్‌రామ్‌గూడకు తరలిపోయే దాకా, ఫైళ్లు గుండెకు హత్తుకున్న యువకులు తెల్లవారేసరికి ఆ గేటు ముందు కనిపించేవారు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కంప్యూటరు శిక్షణ కేంద్రాలు వెలిశాయి. 1990 నాటి అమెరికా చట్టం హెచ్-1బి వీసాకు దారి తీసింది. 2000 సంవత్సరపు తేదీల సమస్య పాత ప్రోగ్రాములు సవరించే చేతులకు గిరాకీ తెచ్చింది. ఎక్కడో పుట్టిన అవసరం ఇక్కడి ఇరుకు గదుల్లో పాఠ్యక్రమంగా మారింది.

ఇదంతా కొత్తదేమీ కాదు. 1833లో బ్రిటిషు సామ్రాజ్యం బానిసత్వాన్ని రద్దుచేస్తూ చట్టం చేసింది. చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చారు. కోరంగి, మద్రాసు రేవుల నుంచి తెలుగువారు మారిషస్‌కు వెళ్లారు. 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ నేటాలుకు బయలుదేరింది. 1903 నుంచి మద్రాసు ఓడలు ఫిజీకీ సాగాయి. వారి సన్నాహం ఏమిటి? డిపోలో ఉండటం, వైద్యపరీక్షకు నిలబడటం, చదవలేని ఒప్పందం మీద వేలిముద్ర వెయ్యటం. సాధారణంగా అయిదేళ్లకు కట్టుబాటు. ‘అగ్రిమెంటు’ అన్న మాట కూలీల నోట ‘గిర్మిట్’ అయింది. ప్రతి మనిషికీ ఒక వలస పత్రం. అందులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు. ఎన్నో వేలమంది నిరుపేద తెలుగువారికి మిగిలిన ఏకైక జీవితచరిత్ర అదే. దాన్ని రాసింది గుమాస్తా. మన రచయితలు రాయలేదు.

బర్మాకు గిర్మిట్ అవసరం లేకపోయింది. అక్కడ మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సే ఒప్పందం. ఆ బాకీ తీరేదాకా రంగూను రేవులో కూలీ మేస్త్రి మాట జవదాటలేడు. పాత రేవు పేరునే అక్కడివారు తెలుగువాడికి పెట్టి ‘కోరంగి’ అన్నారు. ఊరు దాటినవాడికి తన పేరైనా మిగల్లేదు.

1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫు దేశాల్లో నిర్మాణాలు మొదలయ్యాయి. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల పల్లెలు అటు కదిలాయి. ఎకరం తాకట్టు, వడ్డీకి అప్పు, ఏజెంటు చేతికి సొమ్ము: ఇదీ ఆ సన్నాహం. చేరిన తర్వాత పాసుపోర్టు యజమాని పెట్టెలోకి పోవడం చాలామంది చెప్పిన అనుభవం.

ఇక్కడొక ముఖ్యమైన విషయం. 1983 వలస చట్టం 1922 నాటి చట్టం స్థానంలో వచ్చింది. వలసకారుల సంరక్షకుడు అనే వలసపాలన నాటి పదవి అందులోనూ కొనసాగింది. ఆ చట్టం కింద కాలక్రమాన పదో తరగతి ఒక గీతగా మారింది. ప్యాసైనవాడు స్వేచ్ఛగా వెళ్లవచ్చు. తప్పినవాడు గల్ఫువంటి దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రత్యేక అనుమతి పొందాలి. చదువురానివాడిని మోసం నుంచి కాపాడటం దీని ఉద్దేశం. ఆచరణలో అనుమతి బాధ తప్పించుకోవటానికి ఎందరో విజిట్ వీసాల మీద వెళ్లి, ఏ రక్షణా లేనివారయ్యారు.

నేను బడిపంతులును. ఏటా పదో తరగతి జవాబు పత్రాలు దిద్దుతాను. ఒకసారి లెక్కల్లో తప్పిన పాత విద్యార్థి ఒకడు వచ్చి, “సార్, ఆ మెమో ఎట్లన్న దొరుకుతదా?” అని అడిగాడు. దొరకదన్నాను. నియమం ప్రకారం నా జవాబు సరైనదే. కాని మా ఎర్రసిరా గీత సరిహద్దు గీత కూడా అవుతుందని ఆనాడే తెలిసింది.

గిర్మిట్ కూలీని, గల్ఫు కార్మికుణ్ణి, హెచ్-1బి ఉద్యోగిని ఒకే గాటన కట్టడం చరిత్ర అనిపించుకోదు. అమీర్‌పేట కుర్రాడికి చదువుంది, యజమానిని మార్చుకునే దారి ఉంది, బేరమాడే శక్తి కొంతైనా ఉంది. అయితే ముగ్గురినీ కలిపే సూత్రం ఒకటుంది. శ్రమశక్తి ఎక్కడ కావాలో పెట్టుబడి నిర్ణయిస్తుంది. తయారయ్యే ఖర్చు మాత్రం మనిషే భరిస్తాడు. కోర్సు ఫీజైనా, ఏజెంటు సొమ్మైనా, మేస్త్రి అడ్వాన్సైనా చివరికి ఇంటి బాకీయే.

విమానాశ్రయంలో కన్నీళ్లు రాయడం తేలిక. దానికి ఏడాది ముందు ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టిన తండ్రి చేతిని చూడటం కష్టం. రాబోయే కథకులు కథను అక్కడ మొదలుపెడితే, గుమాస్తా పత్రంలో లేనిది మన సాహిత్యంలోనైనా మిగులుతుంది.