గడ్డ పగలకుండా

లండన్ క్యూ గార్డెన్స్ పాత ఫొటోల్లో ఒకటి ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. పెద్ద చక్రాల బండి, నడుమ నిటారుగా నిలిచిన చెట్టు, ముందు గుర్రాలు, పక్కన టోపీలు పెట్టుకున్న పనివాళ్లు. కడియపులంక నర్సరీ ఇంట్లో పుట్టినవాణ్ని గనక నా చూపు ముందుగా వేళ్ల చుట్టూ ఉన్న మట్టిగడ్డ మీదికే పోతుంది. గడ్డ పగిలిందంటే చెట్టు పోయినట్టేనని మా కూలీలు అంటారు.

ఆ బండి విలియం బారన్ తయారు చేసింది. 1866లో క్యూ వాళ్లు కొన్నారు. అతను 1830లో డెర్బీషైర్‌లోని ఎల్వాస్టన్ కోటలో తోటపనికి చేరాడు. యజమాని నాలుగో హారింగ్టన్ ఎర్ల్‌కు మొక్కలు ఎదిగేదాకా ఆగే ఓపిక లేదు, తోట వేసిన వెంటనే ముదురుగా కనిపించాలి. దాంతో బారన్ యూ (yew) అనే జాతి ముదురు చెట్లను సైతం మట్టిగడ్డతో సహా తవ్వించి తెప్పించడం మొదలుపెట్టాడు.

అంతకుముందు పెద్ద చెట్లను రెండు చక్రాల ఇరుసు మీది దూలానికి కట్టి, పడుకోబెట్టి లాక్కెళ్లేవారు. వేళ్లకు మట్టి పెద్దగా మిగిలేది కాదు. స్కాట్లండ్ భూస్వామి సర్ హెన్రీ స్టీవర్ట్ 1828లో పెద్ద చెట్ల తరలింపు మీద ఒక పుస్తకమే రాశాడు. మట్టిని మెల్లగా రాల్చి ప్రతి పీచువేరునూ దక్కించుకోవాలని, కొమ్మల తల నరకకూడదని గట్టిగా వాదించాడు. కొమ్మల విషయంలో ఆయన మాట నాకు శిరోధార్యం. మట్టి విషయంలో మాత్రం నేను బారన్ పక్షమే. మన ఎండకు పీచువేరు బయటపడితే ఎంతోసేపు నిలవదు.

బారన్ చేసినవాటిలో గొప్పపని డోవర్ పక్కన బక్లండ్ చర్చి ఆవరణలో జరిగింది. వెయ్యేళ్లదని చెప్పుకునే యూ చెట్టు, మాను చీలిపోయి ఒక పాయ నేలకు వాలి ఉంది. 1880లో చర్చిని పెంచబోతే అది అడ్డమైంది. అప్పటికి బారన్‌కు 74 ఏళ్లు. చుట్టూ కందకం తవ్వించాడు, గడ్డ అడుగున దూలాలు దూర్చాడు, దుంగల మీద గొలుసులతో లాగించాడు. మట్టితో కలిపి 50 టన్నులకు పైగా ఉన్న ఆ చెట్టు సుమారు 60 అడుగులు జరిగింది. ఇప్పటికీ బతికే ఉంది. పుస్తకాల్లో బారన్ పేరే కనిపిస్తుంది. కందకం తవ్విన, గొలుసు లాగిన మనుషులను చూడాలంటే ఆ క్యూ ఫొటో లాంటివే దిక్కు, అందుకే అవి నాకు విలువైనవి.

మన దగ్గర రోడ్లు వెడల్పు చేసినప్పుడల్లా తరలింపు మాట వస్తోంది. హైదరాబాద్ దగ్గరి చేవెళ్ల దారి మర్రుల గురించి ఏళ్లపాటు అదే చర్చ. నేను చూసిన చాలాచోట్ల కొమ్మలన్నీ నరికి, మొండెం మిగిల్చి, జేసీబీతో ఒక్కపూటలో పెకలించి, గుంతలో నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. మర్రి, రావి మొండి జాతులు, అంత బాధపెట్టినా చిగురిస్తాయి. చింత, మామిడి అంత తట్టుకోవు. ముందు వానాకాలంలో ఒక పక్క, ఆ తర్వాత రెండో పక్క కందకం తీసి, లోపల కొత్త పీచు పుట్టాక ఎత్తాలి. ఆ తర్వాత కనీసం రెండు మూడేళ్లు నీళ్లు పెట్టాలి. ఖర్చంతా అక్కడే, శ్రద్ధ తప్పేదీ అక్కడే.

మీ ఊళ్లో చెట్టును తరలించామని ఎవరైనా క్రేన్ ఫొటో చూపిస్తే, మూడో వేసవిలో తీసిన ఫొటో కూడా చూపించమని అడగండి.