ఓపియాయిడ్ అతిమోతాదు

ఓపియాయిడ్ అతిమోతాదు అనగా నలమందు నుండి లభించే మార్ఫిన్, కోడీన్ వంటి మందులను గాని, కృత్రిమంగా తయారుచేసే ఫెంటానిల్, ట్రమడాల్ వంటి వాటిని గాని శరీరం తట్టుకోగల పరిమాణానికి మించి తీసుకొన్నప్పుడు ఏర్పడే ప్రాణాపాయ స్థితి. అమెరికాలో 2021లో ఓపియాయిడ్ల వలన 80 వేలమందికి పైగా మరణించారు. వీటిలో అధికభాగం అక్రమంగా తయారైన ఫెంటానిల్ వలన సంభవించినవే అయినను, వైద్యులు వ్రాసి ఇచ్చిన మందుతో కూడా ఈ ప్రమాదం ఏర్పడగలదు. అందువలన రోగికీ, ఇంటివారికీ అవగాహన కల్పించుట చికిత్సలో భాగమైనది.

కారణాలు

రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగినప్పుడు శ్వాసను వేగిరపరచే కేంద్రం మెదడు కాండంలో ఉన్నది. ఓపియాయిడ్లు దీనిని మందగింపజేస్తాయి. మద్యం, డయాజిపామ్ వంటి మాత్రలు తోడైతే ప్రమాదం హెచ్చుతుంది. కొంతకాలం మందు మానినవారిలో తట్టుకొనే శక్తి తగ్గిపోతుంది. వారికి పాత మోతాదే ప్రాణాంతకం కావచ్చును. 12 గంటలపాటు నెమ్మదిగా విడుదల కావలసిన మాత్రను నూరి మ్రింగితే మందంతా ఒక్కసారిగా రక్తంలో చేరుతుంది. ఫెంటానిల్ పట్టీపై వేడి కాపడం పెట్టినా ఇట్టి ఫలితమే కలుగుతుంది. వాడి తీసివేసిన పట్టీలో కూడా మందు మిగిలి ఉంటుంది కనుక, దానిని జిగురువైపు లోపలికి మడిచి పిల్లలకు అందకుండా పారవేయవలెను.

లక్షణాలు

కంటిపాపలు సూదిమొనవలె కుంచించుకొనుట, పిలిచినను పలుకకుండుట, శ్వాస నెమ్మదించుట ముఖ్య లక్షణాలు. గొంతులో గురగురమను గురక మరొకటి. "నొప్పి తగ్గి హాయిగా నిద్రపోతున్నాడు" అని ఇంటివారు పొరబడేది ఇక్కడే. అట్టి గురక విన్నప్పుడు మనిషిని తట్టి లేపి చూడవలెను. లేవకపోతే వెంటనే అంబులెన్సును పిలిచి (తెలుగు రాష్ట్రాలలో 108), ప్రక్కకు తిప్పి పడుకోబెట్టవలెను. శ్వాస ఆగినచో నోటితో శ్వాస అందించవలెను.

నాలోక్సోన్

ఇది ఓపియాయిడ్లకు విరుగుడు. 1961లో పేటెంటుకు దరఖాస్తు చేయబడి, 1971లో అమెరికాలో అనుమతి పొందినది. ముక్కులో కొట్టే రూపం 2023 నుండి అక్కడ చీటీ లేకుండానే లభిస్తున్నది. ఇది కొద్ది నిమిషాలలో పనిచేస్తుంది, కాని దీని ప్రభావం సుమారు 30 నుండి 90 నిమిషాలు మాత్రమే. అసలు మందు అంతకన్నా ఎక్కువసేపు శరీరంలో ఉండవచ్చును కనుక, తెలివి వచ్చినదని ఆసుపత్రికి వెళ్ళకుండుట పొరపాటు. మసాచుసెట్స్‌లోని 19 ప్రాంతాలపై 2013లో వెలువడిన అధ్యయనంలో, ప్రజలకు శిక్షణతోపాటు నాలోక్సోన్ అందజేసినచోట మరణాల రేటు తగ్గినట్లు తేలినది.

భారతదేశంలో

ఇక్కడ చిక్కు కొంత వేరు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టపు కఠిన నిబంధనల వలన క్యాన్సరు రోగులకు మార్ఫిన్ దొరకుటయే కష్టమైనది. 2014లో చట్టాన్ని సవరించి నిబంధనలను సడలించారు. 2018లో ట్రమడాల్‌ను ఈ చట్టం పరిధిలోనికి తెచ్చారు. భయంతో మార్ఫిన్ నిరాకరించి నొప్పితో బాధపడే రోగులు నేటికీ ఉన్నారు. వైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు తీసుకొనేవారిలో శ్వాస ఆగిపోవుట అరుదు.