విస్తరి కుట్టిన చేతులు

ఎండాకాలం ముదిరే వేళకు తెలంగాణ పల్లెల్లో మోదుగాకు పని మొదలయ్యేది. ఆకంతా రాల్చి ఎర్రగా పూసిన మోదుగ, పూత ముగిశాక మళ్ళీ చిగిర్చి పెద్ద పెద్ద ఆకులు వేస్తుంది. వాటిని కోసుకొచ్చి, ఆరబెట్టి, విస్తళ్ళుగా కుట్టి, కట్టలు కట్టి బరువు కింద అణిచిపెట్టేవారు. పెళ్ళైనా, తద్దినమైనా, వ్రతమైనా ఆ కట్టలే దిగేవి.

కుట్టడం చూసేవాళ్ళకు తేలికే. నడుమ ఒక ఆకు, దాని చుట్టూ ఒకదాని అంచు మీదికి ఇంకొకటి ఎక్కేలా మిగతావి. సన్నటి పుల్ల గుచ్చి, పైకి తీసి, మిగిలిన ముక్కను తుంచెయ్యాలి. పుల్ల లావైతే ఆకు చిరుగుతుంది. కుట్టు ఎడమైతే చారు నేల మీదికి కారుతుంది. పొలం పనుల్లేని మధ్యాహ్నాల్లో ఇంటి ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని ఈ పని చేసేవారు. భోజనానికి ముందు నీళ్ళు చిలకరిస్తే ఎండిన ఆకు మెత్తబడేది. తిన్నాక విస్తరి పెంటదిబ్బకు, అక్కడి నుంచి ఎరువుగా పొలానికి. చెత్తబండి అవసరమే ఉండేది కాదు.

కోనసీమలో అరిటాకు ఉండగా కుట్టే బాధ లేదు. మన్యంలో మాత్రం అడ్డాకుదే రాజ్యం. పెద్ద చెట్లను అల్లుకుని పైకి ఎగబాకే తీగ అది. ఆకు కొస రెండుగా చీలి ఉంటుంది. ఒడిశాలో దీన్నే సియాలి అంటారు. రంపచోడవరం మన్యంలో ఈ తీగ పేరుతోనే అడ్డతీగల అనే ఊరుంది.

అడ్డాకు చరిత్ర అడవి హక్కుల చరిత్ర కూడా. 1882 మద్రాసు అటవీ చట్టంతో, తరతరాలుగా తిరిగిన అడవిలోనే గిరిజనుల మీద ఆంక్షలు పడ్డాయి. పోడుకు అడ్డంకులు, అటవీ సిబ్బంది వేధింపులు, వెట్టి కలిసి 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో తిరుగుబాటుకు దారితీశాయి. స్వాతంత్ర్యం వచ్చాక, షావుకార్ల దోపిడీ నుంచి కాపాడేందుకు 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. చింతపండు, కుంకుడుకాయ, శీకాయ, తేనెలతో పాటు అడ్డాకు కూడా దాని కొనుగోళ్ళలో చేరింది. మైదానంలో పెళ్ళిబంతి కింద పరిచిన ఆకును కొండెక్కి కోసిందెవరో తిన్నవాళ్ళలో చాలామందికి తెలియదు.

ఆ బంతిని తలచుకుని మురిసిపోయేవారు ఇంకో సంగతీ మరవకూడదు. విస్తరికి అంత గౌరవం దక్కడంలో మడి, ఎంగిలి పట్టింపులకు పెద్ద పాత్రే ఉంది. ఒకసారి తిని పారేసే ఆకుకు అంటు సమస్య లేదు. కులానికో బంతి వేసినవారే, ఎంగిలాకులు ఎత్తే పనిని కింది కులాలకు వదిలారు. పాత అలవాటును ఇంటికి తెచ్చుకునేటప్పుడు ఆ భాగాన్ని అక్కడే వదిలేయాలి.

స్టీలు కంచాలు వచ్చి రోజువారీ భోజనంలో విస్తరిని పక్కకు నెట్టాయి. పెళ్ళిళ్ళలో దాన్ని దెబ్బతీసింది బఫే. నిలబడి తినాలంటే చేతిలో వంగని పళ్ళెం కావాలి. మెత్తటి ఆకు ఆ పనికి రాదు. థర్మోకోల్, ప్లాస్టిక్ పూత వేసిన కాగితం ఆ ఖాళీని నింపాయి. విందు మర్నాడు ఊరి చెరువుగట్టు తెల్లబడిపోయేది.

2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలపై దేశమంతటా నిషేధం అమల్లోకి వచ్చింది. ఇప్పుడు అడ్డాకును అట్టమీద పరిచి, వేడి అచ్చులో నొక్కిన గట్టి పళ్ళేలు దొరుకుతున్నాయి. బఫేకీ పనికొస్తాయి. అయితే కొన్నింటిలో ఆకుకూ అట్టకూ మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అంచు చించి చూస్తే తెలిసిపోతుంది. అది మట్టిలో కలవదు. పుల్లలతో కుట్టిన విస్తరికి ఆ బెడద లేదు.

ఇంట్లో మార్పు ఒక్కరోజులో రానక్కర్లేదు. ముందు సత్యనారాయణ వ్రతానికి వచ్చే నలుగురికీ విస్తళ్ళు వేయవచ్చు, ఆ తర్వాత పుట్టినరోజుకు. వాడినవాటిని కుండీలో ఎండుటాకులతో కలిపి ఎరువు చేసుకోవచ్చు. ఇక ఆకు కోసేవారి సంగతికొస్తే, అడ్డాకు వంటి చిన్న అటవీ ఉత్పత్తులపై అడవిబిడ్డల యాజమాన్య హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది. అయినా, ఆకు కోసి, కుట్టిన మనిషికి ఎంత ముడుతోందని కొనేవారు దుకాణంలో అడగడం ఇంకా మొదలుకావలసే ఉంది.