సొంత ఊళ్లో పరాయి పండుగ

సెప్టెంబర్ 17న సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో జెండా ఎగురుతుంది. ఆ జెండాకు మేమూ సలాం చేస్తాం. మా పిల్లలూ వరసలో నిలబడి మిఠాయి తీసుకుంటారు. ఉపన్యాసం మొదలయ్యాక మాత్రం మేం ఎవరి దేశపు పండుగకో వచ్చిన విదేశీయులమైపోతాం. 'తురక పాలన అంతమైంది' అనే మాట ఏదో ఒక నోట రాకపోదు. ఆ మాటతో చూపులు మా వైపు తిరుగుతాయి. ఈ పరాయితనం ఎక్కడ పుట్టింది?

1947 ఆగస్టు 15న ఈ నేలే భారతదేశానికి పరాయిది. కోదాడ, సూర్యాపేట నిజాం రాజ్యంలో ఉన్నాయి. వాటి మధ్యనున్న మునగాల పరగణా కృష్ణా జిల్లాది కనుక అది స్వతంత్ర భారతం. కోదాడ నుంచి సూర్యాపేటకు పోయే బాటసారి దారిలో మరో దేశం దాటాల్సిందే! సంస్థానంలో మూడు రంగుల జెండా ఎత్తితే జైలు. ఆ రోజు ఇక్కడి హిందువూ ముస్లిమూ అందరూ ఆ పండుగకు విదేశీయులే. ఏడాది తిరిగేసరికి మేం మాత్రమే ఎందుకు విదేశీయులుగా మిగిలాం?

1948 సెప్టెంబర్ 13 ఉదయం బెజవాడ వైపు నుంచి సైన్యం కోదాడలో దిగింది. మధ్యాహ్నానికి మునగాల చేరింది. మర్నాడు సూర్యాపేట మీద విమానాలు దాడి చేశాయి. వెనక్కి తగ్గుతున్న నిజాం బలగాలు మూసీ వంతెన కూల్చినా సైన్యం ఆగలేదు. 17న నిజాం చేతులెత్తేశాడు. వచ్చింది సైన్యం, పెట్టిన పేరు పోలీస్ యాక్షన్.

రజాకార్ల దుర్మార్గాన్ని మేం దాచం. ఖాసిం రజ్వీ మూకలు ఊళ్లు తగలబెట్టాయి, దోచాయి, చంపాయి. అది మా వారసత్వం కాదు. కానీ శిక్ష ఎవరికి పడింది? నిజాం 1950లో రాజ్‌ప్రముఖ్ అయ్యాడు. రజ్వీ జైలు నుంచి 1957లో విడుదలై పాకిస్తాన్ పోయాడు. మూల్యం చెల్లించింది పేద ముస్లిం. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా ప్రకారం చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అందరికంటే ఎక్కువ నష్టపోయాయి. ఆ నివేదిక దశాబ్దాల పాటు చీకట్లో ఉండి, 2013లో గానీ జనానికి అందలేదు. తరాలుగా ఇక్కడున్న అరబ్బులను, పఠాన్లను విదేశీయులన్నారు, నిర్బంధించారు, కొందరిని దేశం దాటించారు. మా మీద 'విదేశీ' ముద్ర అలా సర్కారు కాగితాలకెక్కింది.

మరి హిందూ రైతుకైనా విమోచన దక్కిందా? నిజాం లొంగినా సైన్యం నల్లగొండ పల్లెలను వదల్లేదు. 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటం విరమించేదాకా ఆ తుపాకులు కమ్యూనిస్టు రైతుల మీదే. గడీలు వదిలి పారిపోయిన దొరలు సైన్యం వెనకాలే తిరిగొచ్చారు. ఆ దొరల్లో అత్యధికులు ముస్లింలు కారు. తురక పాలన అన్న ఒక్క మాట ఈ దొరలందరినీ కాపాడింది.

ఆ మాట కప్పేసిన పేర్లు ఇంకా ఉన్నాయి. విసునూరు దేశ్‌ముఖ్‌ను భూమి కోసం కోర్టుకీడ్చి ప్రాణమిచ్చిన షేక్ బందగీ ముస్లిం. ఇండియాలో చేరాలని రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిం. నిజాం మీద పోరుకు పిలుపిచ్చిన కవి మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిం. 1952లో ఆయన్ను అసెంబ్లీకి పంపింది ఎక్కడో కాదు, కోదాడ పక్కనున్న హుజూర్‌నగర్. ఓటేసిన ఆ రైతులు ఆయన్ను విదేశీయుడనుకోలేదు.

2022లో కేంద్రం ఈ రోజును విమోచన అంది, రాష్ట్రం సమైక్యత అంది. 2024లో రాష్ట్రం ప్రజాపాలన అంది. పేర్లు మారాయి గానీ జెండా కింద మా చోటు మారలేదు. మేం కోరేది పండుగ మానమని కాదు. రజాకార్ల చేతుల్లో చచ్చినవాళ్లనూ, పోలీస్ యాక్షన్‌లో చచ్చినవాళ్లనూ ఒకే నోటితో తలవండి. బందగీ పేరు, షోయబుల్లా పేరు, మఖ్దూం పేరు ఆ మైకులోనే చదవండి. అది చేసిననాడు సెప్టెంబర్ 17 జాతీయ పండుగ అవుతుంది. చేయనంతకాలం అది కొందరి గెలుపు, మా మీద నేరారోపణ.