పెంచి పోషించిన చిలుము

1955, 56, 57 షెవర్లే కార్లను పక్కపక్కన నిలబెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. మూడింటి ఒళ్ళూ దాదాపు ఒకటే. ఏ కారు ఏ ఏడాదిదో చెప్పేవి ముందున్న గ్రిల్లు, వెనకున్న రెక్కలు, పక్కల మీది మెరుపు పట్టీలు. 1957 బెల్ ఎయిర్‌కి వెనక రెక్క మీద గీతలు గీతలుగా వెండిరంగు అల్యూమినియం పలక ఉంటుంది. అదే ఏడాది వచ్చిన చవక మోడళ్ళకి ఆ పలక ఉండదు. అంటే ఏడాదినీ, యజమాని స్తోమతనీ రెంటినీ చెప్పేది ఆ పల్చటి రేకే.

ఇది యాదృచ్ఛికం కాదు. 1920లలోనే జనరల్ మోటార్స్‌లో ఆల్ఫ్రెడ్ స్లోన్ ఏటా మోడల్ మార్చే పద్ధతిని స్థిరపరిచాడు. 1927లో హార్లీ ఎర్ల్ వచ్చి కంపెనీలో స్టైలింగ్ విభాగం పెట్టాడు. ఇంజను ఏటా మార్చాలంటే ఖర్చు. పట్టీ మార్చడం తేలిక. నిరుటి కారుని నిరుటిదిలా కనిపించేట్టు చేయడమే ఆ పట్టీ ఉద్యోగం. 1960లో వాన్స్ ప్యాకర్డ్ ‘ది వేస్ట్ మేకర్స్’ పుస్తకంలో దుమ్మెత్తిపోసింది ఇలాంటి సంస్కృతినే. ఇప్పుడు ఆ కార్లని ఇంటి గ్యారేజీలో పునరుద్ధరించేవాళ్ళు అన్నిటికన్నా ఎక్కువ తంటాలు పడే భాగాల్లో ఇదొకటి. పారేయడానికి చేసిన అలంకారమే చివరికి దాచుకోవాల్సిన ఆధారమైంది.

అల్యూమినియం కథ మొదటినుంచీ ఇలా తలకిందులే. 1884లో వాషింగ్టన్ మాన్యుమెంట్ శిఖరాన వంద ఔన్సుల అల్యూమినియం ముక్క పెట్టారంటే అది అప్పట్లో ఖరీదైన లోహం కాబట్టి. రెండేళ్ళు తిరిగేసరికి, 1886లో, అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో ఎరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, కరెంటుతో దాన్ని చవగ్గా తీసే దారి కనిపెట్టారు. ఆ తర్వాత అది మన వంటింటి సత్తుగిన్నె దాకా వచ్చేసింది.

ఈ లోహానికి ఒక మంచి గుణం ఉంది. గాలి తగలగానే ఒంటి మీద ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. గీత పడితే ఆ గాయం మీద మళ్ళీ కొత్త పొర కడుతుంది. స్టీఫెన్ కింగ్ 1983 నవల ‘క్రిస్టీన్’లో 1958 ప్లిమత్ ఫ్యూరీ తన దెబ్బల్ని తానే మాన్పుకుంటుంది కదా, అలాంటిదే. కాకపోతే ఈ సహజమైన పొర మందం కొన్ని నానోమీటర్లే. ఉప్పు నీళ్ళ ముందు నిలవలేదు. 1920లలో సముద్రం మీద దిగే విమానాల డ్యురాల్యూమిన్ భాగాలకి వచ్చిన సమస్య అదే. 1923లో బ్రిటన్‌లో బెంగో, స్టూవర్ట్ దీనికొక ఉపాయం చూపించారు: లోహం ఎలాగూ చిలుము కట్టుకుంటోంది, మనమే దాన్ని కరెంటు పెట్టి పెంచుదాం. వాళ్ళు వాడింది క్రోమిక్ యాసిడ్. 1927లో గోవర్, ఓబ్రయన్ సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో అదే పని చేసి పేటెంట్ తీసుకున్నారు. ఇవాళ ఇళ్ళలో చేసేవాళ్ళు వాడుతున్నది ఈ రెండో దారే.

దీన్నే ఎనోడైజింగ్ అంటాం. ఇది పెయింటు కాదు, తాపడమూ కాదు. పైనుంచి ఏదీ తెచ్చి అతికించరు. పొర లోహంలోంచే పుడుతుంది, కొంత లోపలికి, కొంత పైకి. 1953లో కెల్లర్, హంటర్, రాబిన్సన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూపించినట్టు, ఆ పొర తేనెపట్టులా ఆరు పలకల గదులతో ఉంటుంది. ఒక్కో గది మధ్యలో ఒక సన్నటి గొట్టం. రంగు దిగేది అందులోకే. తర్వాత మరిగే నీళ్ళలో ఉంచితే గొట్టాల నోళ్ళు ఉబ్బి మూసుకుంటాయి, రంగు లోపల బందీ అవుతుంది. 1956 ప్లిమత్ ఫ్యూరీ పక్కన మెరిసే బంగారు చార మూలరహస్యం ఇదే. అందులో బంగారం వీసమెత్తు కూడా లేదు.

ఇంట్లో చేయడానికి సామాను పెద్దగా అక్కర్లేదు. ప్లాస్టిక్ తొట్టి, నీళ్ళలో కలిపిన బ్యాటరీ యాసిడ్ (యాసిడ్‌ని నీళ్ళలో పోయాలి, నీళ్ళని యాసిడ్‌లో కాదు), సీసం రేకులు, డీసీ కరెంటు. పట్టీని పాజిటివ్‌కి కలపాలి. వేలాడదీసే తీగ అల్యూమినియందో టైటేనియందో అయి ఉండాలి. రాగి తీగ యాసిడ్‌లో మునిగితే అదే కరగడం మొదలుపెట్టి, పట్టీకి అందాల్సిన కరెంటుని తినేస్తుంది. లెక్కకి ఒక సూత్రం ఉంది: 720ని అంగుళంలో వెయ్యోవంతుల్లో కావాల్సిన మందంతో గుణించి, చదరపు అడుగుకి ఎన్ని ఆంపియర్లో దానితో భాగిస్తే నిమిషాలు వస్తాయి. 0.3 మందానికి, 12 ఆంపియర్ల దగ్గర, 18 నిమిషాలు. తొట్టి వేడెక్కనివ్వకూడదు, వేడెక్కితే పొర మెత్తగా పిండిలా వస్తుంది. సీసం రేకుల దగ్గర హైడ్రోజన్ లేస్తుంది కాబట్టి గాలాడాలి, నిప్పు దగ్గరికి రాకూడదు.

అసలు చిక్కు అంతకుముందే ఉంది. మాసిపోయిన పాత పట్టీని పాలిష్ పెట్టి మెరిపించలేం, ఎందుకంటే మాసింది లోహం కాదు, దాని మీది గట్టి పొర. ముందు కాస్టిక్ సోడాలో ముంచి ఆ పొరని కరిగించాలి. కాస్టిక్ సోడాకి పొరేదో లోహమేదో తేడా తెలియదు. పొర అయిపోయాక లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత సొట్టలు తీయడం, ఉప్పుకాగితంతో రుద్దడం, పాలిష్ పట్టడం. ప్రతి మెట్టు దగ్గరా అసలు రేకులోంచి కొంత పోతూనే ఉంటుంది. ఫ్యాక్టరీలో పట్టీలని రసాయనాల్లో ముంచి అద్దంలా చేసేవాళ్ళు. అందులో వాడే నైట్రిక్ యాసిడ్ వదిలే గోధుమరంగు పొగ ప్రాణాంతకం, ఇంట్లో ఆ పనికి దిగకూడదు. కాబట్టి గ్యారేజీలో వచ్చే మెరుపు చేతిపాలిష్ మెరుపే. 1957 మెరుపుకి అది దగ్గరి చుట్టమే గానీ అదే కాదు.

అందుకే పునరుద్ధరించేవాళ్ళలో రెండు పక్షాలు. మాసినా సరే అసలు పొరనే ఉంచాలనేది ఒకటి. షోరూమ్‌లోంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలా చూపించాలనేది రెండోది. ఈ తగవు మనకి కొత్త కాదు. తాళపత్రాల్ని పరిష్కరించేవాళ్ళకి ఎప్పుడూ ఉన్నదే. సి.పి. బ్రౌన్ ప్రతులు పోగుచేయించి, పక్కపక్కన పెట్టి పాఠాంతరాలు చూడకపోతే చాలా పద్యాలు మనదాకా వచ్చేవి కావు. అయితే పరిష్కర్త ఒక పాఠాన్ని ఎంచుకున్న ప్రతిసారీ మిగతావి వెనక్కి పోతాయి. తేడా ఏమిటంటే, పరిష్కర్త పక్కన పెట్టిన పాఠం పాత ప్రతిలో ఎక్కడో ఉంటుంది. కాస్టిక్ సోడాలో కరిగిన పొర ఇంకెక్కడా ఉండదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, దీనికి అన్‌డూ లేదు.

అయినా నా మొగ్గు చేసేవాళ్ళ వైపే. కారు ముఖం మాసిపోతే ఆ ఏడాది చదవడానికి రాదు. చదవడానికి రాని ఆధారాన్ని ఎంతకాలం పెట్టెలో దాస్తాం? పైగా ఈ పని ఇంట్లో చేసినవాళ్ళకి ఒక సంగతి చేతులతో తెలుస్తుంది: ఒకప్పుడు కన్వేయర్ బెల్టు మీద లెక్కలేనన్ని పట్టీలకి తిరుగులేకుండా జరిగిన పని వెనక ఎంత ఒడుపు ఉందో. ఆ పట్టీలకి పొర పెట్టిన కార్మికుల పేర్లు కారు మీద ఉండవు. స్లోన్ పేరూ ఎర్ల్ పేరూ మాత్రం పుస్తకాల్లో ఉంటాయి.

కోరేది ఒక్కటే. తాళపత్రాలకి నకలు రాసిన లేఖకులు చివర్న తమ పేరూ, రాసిన రోజూ పెట్టిన ప్రతులున్నాయి. పట్టీకి కూడా కారుకి ఆనుకుని ఉండే వెనక వైపు ఒకటుంది. అక్కడ మెరుపు అక్కర్లేదు. తొట్టిలో దించే ముందు ఆ వైపున పేరూ, ఏడాదీ చిన్నగా గీస్తే చాలు. ముందువైపు 1957 అని చెబుతుంది. వెనకవైపు నిజం చెబుతుంది.